రాయీ రప్పా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చాయి. కొన్ని క్వారీ వాళ్లవి, కొన్ని పాలిషింగ్ ఫ్యాక్టరీల వాళ్లవి, మిగిలినవి వాటి పక్కనే కాపురం ఉంటున్న వాళ్లవి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేసి జవాబిస్తున్నాం.

*రెండేళ్ల కిందట పేలుడు మందు పెట్టడం మానేసి వజ్రపు వైరుతో బండను కోసే రోప్ కటింగ్‌కు మారాం. మిషన్‌కు వంక లేదు. వైరు మాత్రం నెలకు నాలుగైదు సార్లు తెగుతోంది, దానికి గుచ్చిన వజ్రపు పూసలు (బీడ్స్) ఒకవైపే అరుగుతున్నాయి. అసలు మీటరు వైరుకు ఎన్ని చదరపు మీటర్ల కోత రావాలి? అమ్మినాయన చెప్పిన లెక్కలో సగం కూడా రావడం లేదు.*
*– క్వారీ మేస్త్రి, శాంతిపురం*

బీడ్స్ ఒకవైపే అరుగుతున్నాయంటే మెలిక వేయకుండా జాయింటు కొడుతున్నారన్న మాట. వైరు రెండు కొసలు కలిపే ముందు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు మెలికలు వేయాలి. 20 మీటర్ల లూప్ అయితే 30 నుంచి 40 చుట్లు. ఆ మెలిక ఉంటేనే వైరు పరుగెత్తేటప్పుడు తన చుట్టూ తాను తిరుగుతుంది, బీడ్ గుండ్రంగా అరుగుతుంది. లేకపోతే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. ఒకసారి ఆ ఆకారం వచ్చాక ఎన్ని మెలికలు వేసినా బీడ్ తిరగదు, చదునైన వైపే రాతికి ఆనుకుని జారుతుంది. కొత్త వైరు మొదటిసారి ఎక్కించేటప్పుడు ఎవరూ మెలిక మరిచిపోరు. తెగిన వైరును హడావిడిగా అతికేటప్పుడే మరిచిపోతారు. మీరు నెలకు నాలుగైదు సార్లు అతుకుతున్నారు కాబట్టి పొరపాటు అక్కడే జరుగుతూ ఉండాలి. వైరు మీది బాణం గుర్తు కూడా ప్రతిసారీ చూడండి. బీడ్ అరిగేటప్పుడు ముందు వైపు కాస్త సన్నబడుతుంది. తిరగేసి ఎక్కిస్తే లావు వైపు ముందుకొచ్చి రాతిని గుద్దుకుంటూ పోతుంది.

ఇక తెగడం సంగతి. ఎక్కడ తెగిందో చూడకుండా ఎందుకు తెగిందో చెప్పలేం. జాయింటు పక్కనే తెగితే తప్పు జాయింటును నొక్కి బిగించే ప్రెస్‌ది. డై అరిగి ఉంటుంది, లేదా రోప్ కొస నిటారుగా కోయకుండా నలిపి దూర్చి ఉంటారు. జాయింటు తెగేదాకా ఆగకుండా ఇన్ని గంటలకొకటి అని లెక్క పెట్టుకుని మార్చేయడం మంచిది. లూప్ నడిమధ్య తెగితే మూడు కారణాలు ఉంటాయి. మొదటిది రాతి మూల. కోత మొదలుపెట్టేటప్పుడు వైరు పదునైన మూల మీద మడత పడుతుంది. ఆ మూలను ఉలితో కొట్టి గుండ్రం చేసి, చేత్తో వైరు లాగి చూసి, అది సాఫీగా జారిన తర్వాతే మోటారు వేయాలి. అదీ తక్కువ వేగంతో. రెండోది పాత కోతలో కొత్త వైరు. కొత్త బీడ్ సుమారు 11 మిల్లీమీటర్లు ఉంటుంది. పది దాకా అరిగిన వైరు చేసిన సందులో అది ఇరుక్కుంటుంది. అందుకే సగం కోతలో వైరు మార్చాల్సి వస్తే అంతే అరిగిన ఇంకో వైరు వేయాలి. లూపులకు నంబర్లు రాసి, ఏది ఎంత అరిగిందో కాలిపర్‌తో కొలిచి పుస్తకంలో పెట్టుకోండి. కొత్తదీ పాతదీ ఒకే లూపులో కలిపారంటే రెండూ పోతాయి.

మూడోది నీళ్లు. నీరు వైరు రాతిలోకి దూరే చోట పడాలి. బయటికి వచ్చే చోట పోస్తే లాభం లేదు. కోతలోంచి వచ్చే రొచ్చు మజ్జిగలా పల్చగా ఉంటే సరిపోతున్నట్టు. పెరుగులా చిక్కబడితే చాలడం లేదు. తెల్లటి పొడి పొగలా లేస్తే వెంటనే ఆపండి. లోపల స్ప్రింగు, ప్లాస్టిక్ పూత కాలుతుంటాయి.

వేగం గ్రానైట్‌కు సెకనుకు 20 నుంచి 30 మీటర్ల మధ్య ఉండాలి. పాలరాయి కోసే వాళ్ల 35, 40 మీటర్ల లెక్క మన బండకు పనికిరాదు. పలుగు (క్వార్ట్జ్) ఎక్కువున్న రాయికి కింది అంచులోనే ఉంచి, ఆంపియర్ మీటరు చూస్తూ లాగుడు పెంచండి. వేగం పెంచి లాగుడు తగ్గిస్తే వజ్రం నున్నబడిపోతుంది. బీడ్ మెరుస్తుంది, కోత మాత్రం కదలదు.

రంధ్రాలు కలవకపోవడం ఇంకో తలనొప్పి. డీటీహెచ్ డ్రిల్లుతో (సుత్తి రంధ్రం లోపలే కొట్టే రకం) పైనుంచి కిందికి కొట్టిన రంధ్రం, పక్కనుంచి అడ్డంగా కొట్టినదీ లోపల కలిస్తేనే వైరు దూరుతుంది. డ్రిల్లు ఒక్క డిగ్రీ పక్కకు వాలితే పది మీటర్ల లోతులో 17 సెంటీమీటర్లు తప్పుతుంది. రంధ్రం 90 మిల్లీమీటర్లే. అంటే ఒక డిగ్రీ తేడాకే గురి పోయినట్టు. డ్రిల్లు కాళ్ల కింద రాళ్లు పెట్టి అంచనాగా నిలబెట్టకండి. లెవెల్ పెట్టి రెండు దిక్కులా చూడండి.

మీటరుకు ఎన్ని చదరపు మీటర్లు అన్నదానికి, అన్ని బండలకూ ఒకే లెక్క చెప్పేది వైరు అమ్మేవాళ్లే. కుప్పం ఆకుపచ్చ రాయికి వచ్చే కోత నల్ల డోలరైట్‌కు రాదు. పలుగు చారలున్న రంగు రాయికి అసలే రాదు. ప్రతి కోత పొడవు, ఎత్తు గుణించి రాసుకోండి. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు అంటే 30 చదరపు మీటర్లు. వైరు పారేసిన రోజున మొత్తాన్ని ఆ వైరు పొడవుతో భాగించండి. మూడు వైర్ల సగటు వస్తే మీ బండ లెక్క మీకే తెలుస్తుంది, అమ్మినాయనతో మాట్లాడటానికి ఆధారం కూడా దొరుకుతుంది.

ఒక్కటి మాత్రం మేస్త్రిగారూ, వైరు తెగినప్పుడు బీడ్స్ తుపాకీ గుండ్లలా ఎగురుతాయి. వైరు తిరిగే వరసలో ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. పాత కన్వేయర్ బెల్టు ముక్క తెరలా వేలాడదీయండి. మోటారు ఆపే స్విచ్ వైరు వరసకు పక్కగా ఉండాలి, మిషన్ నడిచే పట్టాల కొసన కాదు.

ఇంత చేసినా కోసే చోటు తప్పయితే డబ్బు నేలపాలే. బండలో సన్న పగుళ్లు ఎండలో కనపడవు. ముఖం మీద నీళ్లు కొట్టి పావుగంట ఆగండి. పైభాగం ఆరిపోయినా పగులు ఉన్న చోట మాత్రం నల్లటి తడి గీత మిగులుతుంది. ఆ గీత ఆరకముందే సున్నంతో గుర్తు పెట్టి, కోత ఆ గీత మీదుగానే వెళ్లేలా పథకం వేయండి. గీతను కడుపులో పెట్టుకున్న బ్లాకు లారీ ఎక్కినా గ్యాంగ్‌సాలో (చాలా బ్లేడ్లతో బ్లాకును పలకలుగా కోసే మిషన్) రెండు ముక్కలై తిరిగొస్తుంది.

*గ్రానైట్ మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గిందని పేపర్లో చదివాం. ఇంటికి పలకలు కొనడానికి పోతే షాపులో 18 శాతమే వేశారు. మోసమా?*
*– తిరుపతి*

మోసం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది గ్రానైట్ బ్లాకుల మీద పన్ను, అంటే క్వారీ నుంచి వచ్చే దిమ్మెల మీద. కోసి పాలిష్ పట్టిన పలకకు 18 శాతమే. బ్లాకు మీద కట్టిన పన్నును ఫ్యాక్టరీ వాళ్లు ఎటూ తమ పన్నులో తగ్గించుకుంటారు కాబట్టి మీ బిల్లులో పెద్ద తేడా రాదు.

మీరు చూసుకోవాల్సింది మందం. 20 మిల్లీమీటర్లని చెప్పి 16, 17 ఇస్తుంటారు. నాలుగు మూలలా కొలవండి. నల్ల రాయి మరీ నిగనిగలాడుతుంటే తెల్ల గుడ్డకు గోళ్ల రంగు తుడిచే ద్రవం అద్ది రుద్దండి. గుడ్డ నల్లబడితే అది రంగు పూసిన రాయి. వంటగది గట్టు మీద ఏడాదికే బూడిద రంగుకు తిరుగుతుంది.

*మా ఊరికి అర కిలోమీటరు లోపే క్వారీ ఉంది. సాయంత్రం పేలుడు జరిగితే కిటికీలు అదురుతాయి. కొత్తగా కట్టిన ఇంటికి పగుళ్లొచ్చాయి. అడిగితే ‘పునాది బాగాలేదు’ అంటున్నారు. ఎవరికి చెప్పుకోవాలి, ఏం చూపించాలి?*
*– బంగారుపాళెం మండలం నుంచి ముగ్గురు*

ముందు అది ఏ క్వారీయో తెలుసుకోండి. పలకలకు బ్లాకులు తీసే గ్రానైట్ క్వారీలో గట్టిగా పేల్చితే వాళ్ల రాయే పాడవుతుంది. పైమట్టి, పనికిరాని బండ తొలగించడానికి తప్ప మందు పెద్దగా వాడరు. కంకర క్వారీ అలా కాదు, రాయిని ముక్కలు చేయడమే దాని పని. మీ సాయంత్రపు పేలుడు రెండో రకంలా ఉంది.

భవన రాయి, కంకర రాయి తీసే చిన్న బహిరంగ క్వారీలకు గనుల భద్రతా చట్టం నుంచి చాలావరకు మినహాయింపు ఉంది. కానీ మూడు షరతులున్నాయి: లోతు 6 మీటర్లు దాటకూడదు, ఏ రోజూ పనివాళ్లు 50 మందిని మించకూడదు, మందు వాడకూడదు. మీ దగ్గర మందు వాడుతున్నారు కాబట్టి ఆ మినహాయింపు లేదు. గని భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్ పరిధిలోకి వచ్చినట్టే.

కంపనానికి డీజీఎంఎస్ 1997లో పెట్టిన హద్దులున్నాయి. క్వారీ యజమానివి కాని మామూలు ఇళ్ల దగ్గర నేల కదలిక వేగం, కంపనం 8 హెర్ట్జ్ (సెకనుకు 8 ఊపులు) కన్నా తక్కువ ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, 25 దాటితే 15. అంతకు మించకూడదు. పాత గుళ్ల లాంటి కట్టడాలకు ఇంకా కఠినం: 2, 5, 10. ఊళ్లో పాత కోవెల ఉంటే అర్జీలో దాని సంగతి తప్పకుండా రాయండి.

కిటికీ అదరడం చాలాసార్లు గాలి దెబ్బే తప్ప నేల కంపనం కాదు. గోడలో పగులు వేరే లెక్క. నిజంగా పునాది కుంగినా కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లొస్తాయి, కాబట్టి అవతలి వాళ్ల మాటను ముందే కొట్టిపారేయకండి. తేల్చుకునే దారి ఇది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో రెండు వైపులా అతికించి తేదీ రాయండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టండి. పేలుడు జరిగిన రోజు, గంట, ఎన్ని దెబ్బలు వినపడ్డాయో నోటు పుస్తకంలో రాయండి. వానలు లేని రోజుల్లో, పేలుడు తర్వాతే గాజు విరిగితే మీ మాటకు బలం వస్తుంది. వాన పడి నేల నానినప్పుడు విరిగితే పునాదినే అనుమానించాలి.

అర్జీ గనుల, భూగర్భ శాఖ జిల్లా కార్యాలయానికి, తహసీల్దారుకు, డీజీఎంఎస్‌కు ఒకేసారి పెట్టండి. ‘ఆపేయండి’ అని కాకుండా ‘మా ఇంటి దగ్గర సీస్మోగ్రాఫ్ (కంపనం కొలిచే యంత్రం) పెట్టి కొలవండి, ఒక్కో డిలేలో (ఒక్కో విడతలో) ఎన్ని కిలోల మందు పేలుతోందో రికార్డు చూడండి’ అని అడగండి. కంపనాన్ని నిర్ణయించేది మొత్తం మందు కాదు, ఒకే క్షణంలో పేలే మందు. వంద కిలోలను ఒక్కసారి పేల్చకుండా నాలుగు విడతలుగా, మిల్లీసెకన్ల తేడాతో పేలిస్తే మీ ఇంటికి దూరం రెట్టింపైనంత తేడా వస్తుంది. క్వారీ వాళ్లకు అదనంగా పడే ఖర్చు డిలే డిటోనేటర్లదే.

పేలుడు అయ్యాక ఊళ్లో పిల్లలు గుంతలోకి వెళ్లకుండా చూడండి. మందు పేలకుండా మిగిలిన రంధ్రం పేలిన దానికన్నా ప్రమాదం. పనివాళ్లకూ అదే మాట. దాన్ని మళ్లీ తవ్వడం, ఊడబెరకడం నేరం. పక్కన కొత్త రంధ్రం కొట్టినా 30 సెంటీమీటర్ల లోపుకు ఎక్కడా రాకూడదు.

*ఫ్యాక్టరీ రొచ్చు మా చేను గట్టున పోస్తున్నారు. ఎండితే సున్నంలా ఎగురుతోంది. అది ఎరువుగా పనికొస్తుందని ఒకాయన అన్నాడు.*
*– రైతు, కుప్పం*

పనికిరాదు. ఆ పొడి మైదా కంటే మెత్తన. మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది, నీరు ఇంకదు, వేరుకు గాలి అందదు. గ్యాంగ్‌సా నుంచి వచ్చిన రొచ్చయితే దాంట్లో ఇనుప గ్రిట్, సున్నం కూడా కలిసి ఉంటాయి. ఎండాక తుప్పు రంగు తిరుగుతుంటే అదే.

ఈ రొచ్చు ఎంత వస్తుందో చాలామందికి అందాజు లేదు. 20 మిల్లీమీటర్ల పలకకు బ్లేడు సందు 7 మిల్లీమీటర్లు పోతుందనుకుందాం. అంటే 27లో 7, నాలుగో వంతు రాయి పొడైపోతుంది. 20 టన్నుల బ్లాకు ఫ్యాక్టరీ లోపలికి వెళితే అయిదు టన్నులు నీళ్లలో కలిసి బయటికొస్తుంది. దాన్ని ఎక్కడ పోయాలన్నది ఫ్యాక్టరీ పెట్టేటప్పుడే తేలాల్సిన సంగతి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నడుపుదల అనుమతిలో షరతుగానే రాస్తారు. ఆ అనుమతి కాపీ అడగండి.

ఫ్యాక్టరీ వాళ్లకూ ఒక మాట. మూడు తొట్లు వరసగా కట్టి, పాలీ ఎలక్ట్రోలైట్ (పొడిని అడుగుకు దించే రసాయనం) వేసి తేర్చి, అడుగుదాన్ని ఫిల్టర్ ప్రెస్‌లో పిండితే నీళ్లు తిరిగి మిషన్‌కే వస్తాయి. వెయ్యి అడుగుల బోర్లు కొత్త కాని కుప్పంలో ఆ నీళ్ల విలువ ప్రెస్ ఖర్చును తీరుస్తుంది. పిండిన చెక్కలను వాన తగలకుండా కప్పు కింద పెట్టి ఇటుకల వాళ్లకు ఇవ్వొచ్చు. ఇనుము లేని, డైమండ్ బ్లేడు రొచ్చునే వాళ్లు ఇష్టపడతారు. అందుకే రెండు రకాల రొచ్చునూ ఒకే తొట్టిలో కలపొద్దు.

*పలుగురాయి లీజు ఉంది. ఇప్పుడు అది చిన్న ఖనిజం కాదంటున్నారు. నిజమేనా?*
*– శ్రీకాళహస్తి*

నిజమే. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్న ఖనిజాలుగా (అంటే రాష్ట్రాల నిబంధనల కిందివిగా) మార్చినప్పుడు పలుగు, ఫెల్‌స్పార్, అభ్రకం, ముగ్గురాయి అందులో చేరాయి. 2025 ఫిబ్రవరి 20 నోటిఫికేషన్‌తో ఆ నాలుగూ మళ్లీ పెద్ద ఖనిజాలయ్యాయి. ఈ పలుగు, ఫెల్‌స్పార్, అభ్రకం ఉన్న పెగ్మటైట్ బండల్లోనే లిథియం, బెరిల్ లాంటివి దొరుకుతాయి, వాటి లెక్క ఇన్నాళ్లూ ఎవరికీ అందలేదన్నది కారణం. మార్పుకు 2025 జూన్ 30 దాకా సమయం ఇచ్చారు. ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌లో నమోదు, దాని పద్ధతిలో మైనింగ్ ప్లాను, నెలవారీ రిటర్నులు ఇప్పుడు తప్పవు. లీజు కాలం 50 ఏళ్ల పద్ధతిలోకి రావడం మీకు కలిసొచ్చేది. గ్రానైట్, సిలికా ఇసుక మాత్రం చిన్న ఖనిజాలుగానే ఉన్నాయి.

*మా ఆయన పద్నాలుగేళ్లుగా పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఎడ్జ్ పని చేస్తున్నారు. ఏడాదిగా దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. టీబీ మందులు రెండుసార్లు వాడారు, తగ్గలేదు. దుమ్ము జబ్బంటే ఇదేనా?*
*– గృహిణి, పలమనేరు*

అమ్మా, అయ్యుండొచ్చు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఏం చెప్పాలో, ఏం అడగాలో వివరంగా రాస్తున్నాం.

గ్రానైట్‌లో దాదాపు పావు నుంచి మూడో వంతు దాకా పలుగు ఉంటుంది. దాని మెత్తటి పొడి, అయిదు మైక్రాన్ల లోపుది, ఊపిరితిత్తుల కొసలదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది, కీడు చేసేది కనపడనిదే. ఫ్యాక్టరీలో పెద్ద కోతలన్నీ నీళ్లతో జరుగుతాయి కాబట్టి అక్కడ గాలి కాస్త నయం. అంచులు గుండ్రం చేయడానికి చేతి గ్రైండర్ పొడిగా తిప్పే చోటే అన్నిటికంటే చెడ్డ గాలి. మీ ఆయన పని అదే.

తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగానికి తీసుకెళ్లండి. వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట ‘దగ్గు’ కాదు, ‘పద్నాలుగేళ్లు రాతి ఫ్యాక్టరీలో పొడి గ్రైండింగ్’. ఆ మాట చెప్పకపోతే ఎక్స్‌రేలో పైభాగాన కనిపించే మచ్చలను టీబీ అనుకునే వీలుంది. పాత ఎక్స్‌రేలన్నీ తేదీల వరసలో పట్టుకెళ్లండి. కళ్లె పరీక్ష, ఊపిరి ఊదే స్పైరోమెట్రీ, అవసరమైతే సీటీ స్కాన్ చేస్తారు. ఇంకో సంగతి: సిలికోసిస్, అంటే ఈ పలుగు దుమ్ము జబ్బు ఉన్నవాళ్లకు టీబీ మామూలు వాళ్లకంటే తేలిగ్గా అంటుకుంటుంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు. టీబీ అని తేలితే ఆ మందులు పూర్తిగా వాడాల్సిందే, ‘దుమ్ము జబ్బే కదా’ అని మధ్యలో మానకండి. బీడీ, సిగరెట్ ఉంటే ఆపించండి.

సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. దుమ్ములోంచి బయటికి రావడమే చేయగలిగిన పెద్ద పని. అదే ఫ్యాక్టరీలో లోడింగో, కొలతలో, తడి మిషనో చూసే పనికి మార్చమని అడగండి.

ఇది ఉద్యోగుల నష్టపరిహారం కిందికీ, ఈఎస్ఐ (కార్మికుల బీమా) కిందికీ వచ్చే వృత్తి జబ్బు. చట్టం ప్రకారం జబ్బు తేలితే డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి రాసి పంపాలి. జబ్బు పేరు కాగితం మీద ‘సిలికోసిస్’ అని రాయించుకోండి. ‘ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్’ అని రాస్తే తర్వాత పరిహారం దగ్గర అది పనికిరాదు. జీతం చీటీలు, హాజరు పుస్తకం ఫొటో, ఈఎస్ఐ నంబరు ఇప్పుడే దాచిపెట్టుకోండి. మానేశాక అవి దొరకడం కష్టం.

అదే పనిలో ఉన్న మిగతావాళ్లకు: తలగుడ్డ ముక్కుకు కట్టుకుంటే ఆగేది పెద్ద దుమ్మే. ఎన్95 తప్పనిసరి, గడ్డం ఉంటే అది ముఖానికి అంటదు, సందుల్లోంచి దుమ్ము పోతుంది. గ్రైండర్‌కు నీటి గొట్టం బిగించుకోవడం మాస్కుకన్నా మేలు. కరెంటు భయం ఉంటే గాలితో తిరిగే తడి గ్రైండర్లు దొరుకుతాయి. పని అయ్యాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం మానండి, రోజంతా తప్పించుకున్న దుమ్ము ఆ రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది. ఆ బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. క్వారీల్లో పనిచేసేవాళ్లకైతే చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకు మించకుండా ఛాతీ ఎక్స్‌రేతో సహా వైద్య పరీక్ష యజమాని ఖర్చుతో చేయించాలని గనుల నిబంధన. ఎవరూ అడగరు కాబట్టి ఎక్కువ చోట్ల అది కాగితాల మీదే జరుగుతుంది.

*చిగురుగుంట బంగారు గని మళ్లీ తెరుస్తారంటున్నారు. టన్నుకు ఎంత బంగారం వస్తుంది? సైనైడ్ వల్ల మా బావులు పాడవుతాయా?*
*– గుడుపల్లె, కుప్పం నుంచి అయిదుగురు*

చిగురుగుంట, బిసానత్తం గనులు కోలార్ బంగారు పట్టీకి దక్షిణపు కొస. కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు) నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే వీటినీ నడిపింది. 2001లో ఆ సంస్థ మూతపడగానే ఇవీ ఆగాయి. 2018లో జరిగిన వేలంలో ఈ గనుల ప్రాంతం (బ్లాకు) కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది. విస్తీర్ణం సుమారు 263 హెక్టార్లు, అంచనా వేసిన ఖనిజం 18.3 లక్షల టన్నులు, సగటున టన్నుకు 5.15 గ్రాముల బంగారం.

ఇరవై టన్నుల టిప్పర్ నిండా రాయి తెస్తే 103 గ్రాములు. మొత్తం గుణిస్తే తొమ్మిది టన్నుల పైచిలుకు. అందులోనూ కొంత శుద్ధిలో పోతుంది. కోలార్‌లో వందేళ్లకు పైగా తవ్వి తీసింది 800 టన్నుల పైమాట. ఆ పక్కన ఇది చిన్న గనే. అయినా టన్నుకు 5 గ్రాములంటే ఈ రోజుల్లో తక్కువదేం కాదు.

సైనైడ్ సంగతి. రాయిని పిండిలా నూరి, సోడియం సైనైడ్ కలిపిన నీళ్లలో నానబెడితే బంగారం కరుగుతుంది. దాన్ని బొగ్గు పొడికి పట్టించి తీస్తారు. నీళ్లలో సున్నం వేసి క్షారత (పీహెచ్) పదిన్నర దగ్గర ఉంచితే సైనైడ్ నీళ్లలోనే ఉంటుంది. ఆ క్షారత పడిపోతే సైనైడ్ విషవాయువుగా లేస్తుంది. ఆ ప్రమాదం ప్లాంటు లోపలి వాళ్లది. ఊరి బావులకు ముప్పు వచ్చేది చివర్లో మిగిలిన బురదను నిలవచేసే చెరువు నుంచి. కేజీఎఫ్‌లో సైనైడ్ దిబ్బలు గాలికి ఎలా లేస్తాయో మీలో చాలామంది చూసే ఉంటారు. సైనైడ్ ఎండకు, గాలికి మెల్లగా విరిగిపోతుంది. బంగారు ఖనిజంతో తరచూ కలిసి ఉండే ఆర్సెనిక్ మాత్రం విరగదు, పోదు.

అందుకని గని తెరవకముందే మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ బావి, బోరు నీళ్లు ఇప్పుడే పరీక్ష చేయించి నివేదిక దాచండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సైనైడ్ లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మించకూడదు. ఈ రెండింటితోపాటు ఫ్లోరైడ్ కూడా రాయించండి. రేపు ‘ముందునుంచీ ఇంతే’ అని ఎవరైనా అంటే చూపించడానికి ఆ కాగితం కావాలి. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేటప్పుడు 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేసి, పర్యావరణ నివేదిక ముసాయిదాను కలెక్టరేట్‌లో, పంచాయతీలో అందుబాటులో ఉంచాలి. సభ రోజు కేకలేసేకన్నా ఆ 30 రోజుల్లో అది తెప్పించి మూడు చోట్ల చూడండి: బురద చెరువు అడుగున ప్లాస్టిక్ పొర ఉందా, పాత గనుల్లో నిండిన నీటిని తోడి ఎక్కడ వదులుతారు, మీ ఊరి బావులు కొలతల పట్టికలో ఉన్నాయా.

*ఇంటి పనికి రోబో శాండ్ తెప్పించాం. మేస్త్రీ ఇది డస్ట్ అంటున్నాడు. తేడా ఎలా తెలుస్తుంది?*
*– రేణిగుంట*

అరచేతిలో తడిపి నలిపి, చెయ్యి కడక్కుండా దులపండి. బూడిద పూసినట్టు అంటుకుని మిగిలితే పొడి ఎక్కువుందన్న మాట. ఐఎస్ 383 ప్రమాణం ప్రకారం రాయి నలగ్గొట్టి చేసిన ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా మెత్తనిది 15 శాతం దాటకూడదు. గింజ చూడండి: చీలికలుగా, బద్దల్లా ఉంటే క్రషర్ కింద రాలిన డస్ట్. వీఎస్‌ఐ అనే ఇసుక తయారీ మిషన్‌లో చేసింది గుండ్రానికి దగ్గరగా ఉంటుంది. డస్ట్ కలిపిన కాంక్రీటు నీళ్లు ఎక్కువ తాగుతుంది, మేస్త్రీ ఇంకా నీళ్లు పోస్తాడు, స్లాబుకు జాలీలా పగుళ్లొస్తాయి. మీ మేస్త్రీ చెప్పినప్పుడే లోడు తిప్పి పంపాల్సింది. 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది కదా, లోడింగు, రవాణా కలిపి లెక్కేసి చూడండి.

*మా పట్టా భూమిలో మంచి బండ ఉంది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఎకరానికి ఇంతని అగ్రిమెంటు రాయమంటున్నారు. మేమే తవ్వుకోవచ్చా?*
*– పుంగనూరు*

పట్టా మీదే అయినా లీజు లేకుండా ఒక్క బ్లాకు కదిలించకూడదు. గ్రానైట్ లీజుకు కనీసం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు కావాలి. కాలం 20 ఏళ్లకు తగ్గదు, 30 దాటదు. సర్వేయరు స్కెచ్చు, తహసీల్దారు నిరభ్యంతరం, గుర్తింపున్న వ్యక్తితో మైనింగ్ ప్లాను, రాష్ట్ర స్థాయి సంస్థ నుంచి పర్యావరణ అనుమతి, కాలుష్య మండలి అనుమతులు, ఆ తర్వాతే లీజు దస్తావేజు. అయిదు హెక్టార్లలోపు కదా అని పర్యావరణ అనుమతి తప్పించుకునే దారి 2012లోనే సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుపోయింది.

సొంతంగా తవ్వాలంటే ముందు రాయి నాణ్యం చూడండి. పైన మెరిసే బండలో పదిపాళ్లకు రెండు మూడు పాళ్లే బ్లాకుగా చేతికొచ్చే క్వారీలు చాలా ఉన్నాయి. మిగిలిందంతా తుక్కు. దాన్ని పెట్టడానికి కూడా మీ భూమే కావాలి. కోర్ డ్రిల్లింగ్ చేయించకుండా మిషన్లకు అప్పు చేయకండి.

కంపెనీకి ఇస్తే ఎకరానికి ఇంతని ఒప్పుకోవద్దు. బయటికి పోయే ప్రతి క్యూబిక్ మీటరుకు ఇంతని, ప్రభుత్వ పర్మిట్ల లెక్కే మీ లెక్క అని రాయించండి. తుక్కు ఏ సర్వే నంబరులో, ఎంత ఎత్తుకు పోస్తారో పటంలో గీయించండి. చిన్న ముక్కలతో రాతి కూసాలు, కెర్బు రాళ్లు చేసుకునే హక్కు మీకుండాలి, దానికి వేరే పర్మిట్ ఎవరు తెస్తారో కూడా ఉండాలి. మీ బోరు ఎండితే కొత్త బోరు ఎవరిది, గుంత అంచు నుంచి మీ ఇంటిదాకా ఎంత దూరం వదలాలి, అంచుకు కంచె ఎవరు వేస్తారు అన్నవి ఒక్కొక్కటే రాయించండి. గట్టి నేలలో కూడా ఒక్కో బెంచీ (మెట్టులా తవ్వే అంచె) ఎత్తు 6 మీటర్లు దాటకూడదు, అంచుకు 3 మీటర్లలోపు వదులు రాయి ఉండకూడదని గనుల నిబంధన. నిటారుగా పాతిక మీటర్లు దించేసి మధ్యలో వదిలి వెళ్లిపోతే ఆ గుంత మీదే, దాని చుట్టూ తిరిగే పశువులూ మీవే. గుంత చదును చేసే ఖర్చుకు బ్యాంకు గ్యారంటీ మీ పేరు మీద అడగండి. కుదరదంటే వేరే కంపెనీతో మాట్లాడండి, మంచి బండకు అడిగేవాళ్లు కరువు కాదు.